భయానక కథలలో ఉత్కంఠ



రాత్రి భోజనములైన పిదప అరుగుమీద కూర్చుండి ఒకరు దయ్యముల కథ చెప్పుచుండగా పదిమంది చేరి వినుట మన పల్లెలలో అందరును ఎరిగినదే. కథ సాగినకొలది పిల్లలు ఒకరి ప్రక్కకు ఒకరు జరుగుదురు. పెద్దల చేతిలోని చుట్ట ఆరిపోవును. కథ ముగిసిన వెనుక పెరటిలోనికి పోవలసినవాడు తోడుకొరకు వెదకును. ఆ దయ్యమును విన్నవారెవరును చూడలేదు, చెప్పినవాడును చూడలేదు. అక్కడ ఉన్నవి మాటలు మాత్రమే. వట్టి మాటలు మనుష్యుని రోమములు నిక్కబొడుచునట్లు చేయుట ఎట్లు? ఆ నేర్పులోని గుట్టు ఏమి? ఈ సంగతినే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

భయమును గూర్చిన విచారము మనకు క్రొత్త కాదు. భరతముని నాట్యశాస్త్రమున చెప్పిన ఎనిమిది రసములలో భయానకము ఒకటి. దానికి స్థాయిభావము భయము. ఏవేవి భయమును పుట్టించునో ఆయన వరుసగా చెప్పియే యుంచినాడు: వికృతమైన ధ్వనులు, భూతదర్శనము, నక్కల కూతలు, గుడ్లగూబల అరుపులు, అరణ్యము, మనుష్యసంచారము లేని ఇల్లు. నేటి కథకులును ఈ పట్టికను దాటి ఎంతో దూరము పోలేదు. అయినను దినుసులన్నియు వంటయింట ఉన్నంతమాత్రమున వంట కాదు గదా! ఏది ముందు వేయవలెను, ఏది వెనుక వేయవలెను, మంట ఎంత ఉండవలెను అనునది వేరు విద్య. చిన్నకథలో ఆ విద్యను పట్టుదలతో సాధించినవారిలో ఇంగ్లాండు, అమెరికా దేశముల రచయితలు ముఖ్యులు. వారు వ్రాసిన ఆ తరగతి కథలకు గాథిక్ కథలని పేరు.

గాథిక్ అనునది ఒక కట్టడపు రీతికి పేరు. మధ్యయుగములలో ఐరోపా ఖండమున మొనదేలిన కమానులతో, ఎత్తైన శిఖరములతో కట్టిన క్రైస్తవ దేవాలయములు ఆ రీతికి చెందినవి. 1764వ సంవత్సరాంతమున హోరేస్ వాల్పోల్ అను ఆంగ్లేయుడు 'ఒట్రాంటో కోట' అను నవలను వెలువరించెను. పాత కోట, నేలమాళిగ, వంశమును వెంటాడు పాపఫలము దాని వస్తువు. మొదటి ముద్రణమున అది తన రచన యని చెప్పక, ఒక పాత ఇటలీ గ్రంథమునకు భాషాంతరమని ఆయన లోకమును నమ్మించెను. 1765లో రెండవ ముద్రణమున నిజము చెప్పి, దానికి గాథిక్ కథ యని పేరు తగిలించెను. ఆ పేరు అప్పటినుండి నిలిచిపోయినది. ఇందు మనము గమనింపవలసిన విషయమొకటి కలదు. కల్పితమైన కథకు కల్పితమైన సాక్ష్యమును జతపరచుట ఈ విద్యలో మొదటి పాఠము. ఎవరో పెద్దలు వ్రాసియుంచినారన్నచో వినువాని సందేహము సగము చచ్చును.

వాల్పోల్ తరువాత ఈ త్రోవను త్రొక్కినవారిలో ఆన్ రాడ్‌క్లిఫ్ అను విదుషీమణి ముఖ్యురాలు. ఆమె 1823లో గతించినది. ఆమె వ్రాసిన ఒక వ్యాసము 1826లో అచ్చుపడినది. అందు ఆమె భయమును రెండుగా విభజించినది. రాబోవు కీడు ఇదమిత్థమని తెలియక మనస్సు తహతహలాడుట ఒకటి. ఘోరమైన వస్తువును కన్నుల యెదుట చూచి మనస్సు గడ్డకట్టుట రెండవది. మొదటిది మనస్సును విశాలము చేసి మేల్కొల్పును. రెండవది దానిని ముడుచుకొనజేయును. మన పరిభాషలో చెప్పవలెనన్నచో మొదటిది భయానకమునకును, రెండవది బీభత్సమునకును ఇంచుమించు దగ్గరగా వచ్చును. నెత్తురు, ఎముకలు చూపి అసహ్యము పుట్టించుట సులభము. ఏమియు చూపకయే గుండె దడదడలాడించుట కష్టము. మంచి కథకుడు ఈ రెండవ త్రోవనే కోరుకొనును.

ఇక ఉత్కంఠ యనగా నేమి? ఒక దృష్టాంతము చెప్పుదును. ఒక ఇంటిలో తల్లి పొయ్యిదగ్గర ఉన్నది. వసారాలో చాపమీద బిడ్డ నిద్రించుచున్నాడు. చాపక్రిందనుండి హఠాత్తుగా పాము వెలువడినదని కథకుడు చెప్పినచో మనము ఒక్కసారి ఉలికిపడుదుము. అంతటితో సరి. అట్లుకాక, పాము వచ్చి చాపక్రింద చేరుటను ముందుగానే మనకు చూపినాడనుకొనుడు. పిమ్మట తల్లి పిండి కలుపుట, పొరుగామె వచ్చి చారెడు ఉప్పు అడుగుట, ఇద్దరును ఇంటి కష్టసుఖములు చెప్పుకొనుట, బిడ్డ నిద్రలో ఇటునుండి అటు పొరలుట తీరికగా వర్ణించినాడనుకొనుడు. అప్పుడు ఆ ఉప్పు మాట కూడ మనకు ముల్లై గ్రుచ్చుకొనును. 'అమ్మా, మాటలు చాలించి బిడ్డను చూచుకొమ్ము' అని కేకవేయ బుద్ధిపుట్టును. మన కేక ఆమెకు వినబడదు. తెలిసియుండియు ఏమియు చేయలేని ఆ స్థితియే ఉత్కంఠ. ఉలికిపాటు నిమిషములో పోవును; ఉత్కంఠ కథ ఉన్నంతసేపును ఉండును.

ఈ రహస్యమును చిన్నకథకు శాస్త్రముగా కూర్చినవాడు అమెరికా రచయిత ఎడ్గర్ అలన్ పో. ఆయన 1809లో జన్మించి 1849లో నలువది యేండ్ల ప్రాయముననే మరణించెను. 1842లో తన సమకాలికుడైన హాథార్న్ కథలను సమీక్షించుచు ఆయన ఒక సిద్ధాంతమును ప్రతిపాదించెను. కథ ఒక్క కూర్చున్న పట్టున చదువదగినంతదై యుండవలెను. నడుమ లేచి పనులు చక్కబెట్టుకొని వచ్చినచో కట్టు సడలిపోవును. రచయిత తాను కలిగింపదలచిన ఫలమును ఒక్కదానిని ముందుగా నిశ్చయించుకొని, మొదటి వాక్యమునుండియు ప్రతి మాటను దానికే వినియోగింపవలెను. ఇది ఆ సిద్ధాంతపు సారము.

1839లో ఆయన వ్రాసిన 'అషర్ వంశపు ఇల్లు' అను కథ ఇందుకు నిదర్శనము. శరదృతువున మబ్బు పట్టిన ఒకనాటి సాయంకాలము ఒకడు గుఱ్ఱముమీద ఒంటరిగా మిత్రుని ఇంటికి వచ్చును. ఇంటి ముందు నల్లని నీటి మడుగు. ఆ నీటిలో ఇంటి నీడ తలక్రిందుగా కనబడును. ఇంటి కప్పునుండి మడుగు దాక గోడలో సన్నని పగులు ఒకటి వంకరలు తిరిగి పోయియున్నది. పరికించి చూచినగాని అది కనబడదు. రచయిత ఆ పగులును ఒక్కమాటలో చెప్పి విడిచిపెట్టును. కథ నడుమ మనము దానిని మరతుము. మిత్రుని మనోవ్యాధి, అతని సోదరి మరణము, ఆమెను ఇంటి నేలమాళిగలో ఉంచుట, తుపాను రాత్రి వినవచ్చు వింత ధ్వనులు అన్నియు గడచును. తుదకు ఆ పగులే విచ్చుకొని ఇల్లు రెండుగా చీలి మడుగులో కలిసిపోవును. వంశమునకును ఇంటికిని ఒక్కటే పేరు, ఒక్కటే చావు. ముందు నాటిన విత్తనము కడపట చెట్టైనది. ఆరంభమున చూపని దానిని అంతమున హఠాత్తుగా తెచ్చినచో వినువాడు మోసపోయితినని కోపించును. చూపి మరపించి తెచ్చినచో ఔరా యని తల యూచును.

1843లో అచ్చుపడిన మరియొక కథలో పో కాలమును సాగదీయు విద్యను చూపినాడు. దాని పేరు 'గుట్టు బయటపెట్టిన గుండె' అని చెప్పుకొనవచ్చును. ఒకడు తనతో నివసించు ముసలివానిని చంపదలచును. కారణము పగ కాదు, ధనము కాదు. ఆ ముసలివాని కన్ను ఒకటి గ్రద్దకన్నువలె నుండుట. ఏడు రాత్రులు అర్ధరాత్రివేళ తలుపు మెల్లగా తెరచి, మూసిన లాంతరునుండి ఒక్క కిరణమును ఆ కంటిమీద పడునట్లు చేయును. కన్ను మూసియుండుటచే వెనుకకు మరలును. ఎనిమిదవ రాత్రి చప్పుడై ముసలివాడు లేచి కూర్చుండి, ఎవరు వారని అడుగును. ఇక ఇరువురును చీకటిలో ఒక గంటసేపు కదలక మెదలక ఉందురు. హత్య నిమిషములో ముగియును. ఆ గంట మాత్రము ముగియదు. భయానక కథలో కాలము గడియారమునుబట్టి నడువదు. ఊరక గడచిన యేడు ఒక వాక్యమున పోవును; తలుపు తెరచుకొను క్షణమునకు ఒక పుట పట్టును.

ఆ కథలో మరియొక విశేషము. చెప్పువాడు మొదటినుండియు తనకు పిచ్చి లేదని, తాను ఎంత జాగ్రత్తగా పనిచేసెనో చూడుడని వాదించుచుండును. వాదించినకొలది మనకు వానియందు నమ్మకము పోవును. శవమును నేలపలకల క్రింద దాచి, వచ్చిన రక్షకభటులను ఆ గదిలోనే కూర్చుండబెట్టి, తాను ఆ పలకల మీదనే కుర్చీ వేసికొని మాటలాడుచుండగా, చచ్చినవాని గుండె కొట్టుకొనుట వానికి వినబడును. అది నిజముగా వినబడినదా, వాని మనస్సాక్షియే ఆ చప్పుడు చేసినదా? పో చెప్పడు. వాడు మాత్రము తాళలేక నేరము ఒప్పుకొనును. భయము బయటి దయ్యమునుండియే రానక్కరలేదు. లోపలి పాపమునుండియు రావచ్చునని ఈ కథ చాటినది.

ఈ విద్యలన్నియు ఒక్కచోట కూడిన కథ 1902లో ఆంగ్లేయుడు విలియం జేకబ్స్ వ్రాసిన 'కోతి పంజా'. దానికి మన దేశముతో సంబంధము కలదు. ఇరువదియొక యేండ్లు భారతదేశమున సైన్యములో పనిచేసిన సార్జెంటు ఒకడు, వానకురియు రాత్రి, ఒక ముసలి దంపతుల ఇంటికి వచ్చును. వాని జేబులో ఎండిన కోతి పంజా ఉన్నది. విధిని ఎదిరించువారికి దుఃఖమే గతియని నిరూపించుటకై ఒక ఫకీరు దానికి మహిమ కల్పించినాడట. ముగ్గురు మనుష్యులు మూడేసి వరములు కోరవచ్చును. మొదటివాని మూడవ కోరిక చావు. ఇంతమాత్రము చెప్పి సార్జెంటు ఊరకుండును. తన సంగతి అడిగినచో ముఖము పాలిపోవును. పంజాను నిప్పులో పడవేయును. ఇంటి యజమాని దానిని పైకి తీయును. ఇదియే చాపక్రింద పాము.

యజమాని నవ్వుచు రెండువందల పౌనులు కోరును. ఏమియు జరుగదు. మరునాటి ఉదయము ఎండ కాయుచున్నది. అందరును రాత్రి భయమును తలచుకొని నవ్వుకొందురు. కుమారుడు పనికి పోవును. ఉత్కంఠకు విరామమును కావలెను. ఎల్లప్పుడును బిగించిన తీగ తెగిపోవును. సడలించి బిగించిన తీగయే పలుకును. పిమ్మట మంచి దుస్తులు ధరించిన అపరిచితుడు ఒకడు వీధిలో తారాడి, గుమ్మము దగ్గర మాటిమాటికి ఆగి, తుదకు లోనికి వచ్చును. కుమారుడు యంత్రములో పడి మరణించినాడు. యజమానులు దయతలచి ఇచ్చు పరిహారము ఎంత? రెండువందల పౌనులు. వరము అక్షరాల ఫలించినది.

వారము గడచిన పిదప తల్లి అర్ధరాత్రి లేచి, రెండవ వరముగా కుమారుని బ్రతికింపుమని పట్టుపట్టును. తండ్రికి యంత్రములో నలిగిన దేహము జ్ఞాపకమున్నది, అయినను కోరును. శ్మశానము రెండు మైళ్ల దూరము. క్రొవ్వొత్తి ఆరిపోవును. మెట్టు ఒకటి కిర్రుమనును. కొంత తడవునకు వీధితలుపు మీద ఎవరో మెల్లగా తట్టుదురు. తల్లి ఆనందముతో పరుగెత్తి గొలుసు తీయును, క్రింది గడియ తీయును, పైగడియ అందదు, కుర్చీని ఈడ్చుకొని వచ్చును. తండ్రి చీకటిలో నేలమీద పంజాకై తడవులాడుచుండును. ఆమె గడియ తీయునంతలో పంజా దొరకును. మూడవ వరమును కోరును. చప్పుడు నిలిచిపోవును. తలుపు తెరచి చూడగా దీపపు వెలుగున వీధి నిర్మానుష్యముగా ఉండును. కథ అంతే.

తలుపు వెలుపల నిలిచినది ఎట్టిదో రచయిత ఒక్క మాటయు చెప్పలేదు. చెప్పియుండినచో అది బీభత్సమై పోయెడిది. ఒక్క తలుపును తెరువ దలచు చేయి తల్లి ప్రేమ. తెరువనీయని చేయి తండ్రి భయము. ఆ భయమును ప్రేమలోనుండి పుట్టినదే. వెలుపలి దయ్యముకంటె ఈ ఇరువురి మధ్య పెనుగులాటయే మన గుండెను పట్టును. ఎంత వింత కథయైనను దానికి ఆధారము మనుష్యహృదయమే. ఆ ఆధారము లేనిచో ఎన్ని గుడ్లగూబలు అరచినను ప్రయోజనము లేదు. మరియొకటి గమనింపుడు. ప్రమాదములు జరుగుట కలదు. పరిహారము ఇచ్చుట కలదు. అర్ధరాత్రి త్రోవ తప్పినవాడు తలుపు తట్టుటయు కలదు. అంతయు కాకతాళీయమని చెప్పినను చెప్పవచ్చును. లౌకికమా, అలౌకికమా అను ఈ ఊగిసలాటయే ఇట్టి సాహిత్యమునకు ప్రాణమని త్స్వెటాన్ టోడొరోవ్ అను విమర్శకుడు 1970లో ఒక గ్రంథము వ్రాసెను.

ఆ ఊగిసలాటను మన దేశమున అందముగా నిలిపినది రవీంద్రనాథ ఠాకూరు 1895లో వ్రాసిన 'క్షుధిత పాషాణము'. అహమ్మదాబాదులో న్యాయాధిపతిగా నున్న అన్నగారి యొద్ద, షాహీబాగు ప్రాసాదమున యౌవనారంభమున నివసించిన అనుభవము దానికి మూలము. కథలోని మనుష్యుడు హైదరాబాదు నిజాము కొలువులో చేరి, బరీచ్ అను ఊర ప్రత్తిమీద పన్ను వసూలు చేయు ఉద్యోగి. పాడుపడిన పాలరాతి మందిరములో నివసించును. పగలు కోటు తొడిగి లెక్కలు వ్రాసికొనును; సాయంకాలమైనంతనే అదృశ్యలైన స్త్రీలు నదికి స్నానమునకు పరుగెత్తు సవ్వడి వినును. దినదినమునకు రాత్రి నిజమై పగలు కలయగును. మెహర్ ఆలీ యను పిచ్చివాడు తెల్లవారుజామున మందిరము చుట్టు తిరుగుచు, అంతయు అబద్ధము, దూరముగా పొండని అరచుచుండును. ముసలి గుమాస్తా ఆ మందిరపు పూర్వకథను చెప్ప మొదలిడును. ఆ వృత్తాంతము వచ్చునప్పటికి, ఇదంతయు రైలు స్టేషనులో వినుచున్నవారికి బండి వచ్చును! చెప్పువాడు వేరు పెట్టె ఎక్కి పోవును. మిగిలిన కథ ఎవరికిని తెలియదు. విన్న ఇరువురిలో ఒకడు బూటకమనును, ఒకడు నమ్మును. ఆకలి తీరకుండ విస్తరి ఎత్తివేయుటయు ఈ విద్యలో ఒక ఎత్తు.

పెద్దలారా! ఇంతసేపు ఈ లోగుట్టులు విప్పుటకు ఒక ప్రయోజనము కలదు. కథలోని భయము మనము కోరి తెచ్చుకొన్నది. పుస్తకము మూయగానే పోవును. ఊరిలో పుట్టు పుకారు భయము అట్టిది కాదు. కాని రెండును ఒకే పనిముట్లతో తయారగును. ఒక ఇంట దూడ చచ్చును. మరియొక ఇంట జ్వరము వచ్చును. విడివిడిగా చూచినచో ప్రతిదానికి కారణము కలదు. ఎవడో వానిని వరుసగా గ్రుచ్చి, నడుమ ఒక దిక్కులేని ముసలిదాని పేరు పెట్టును. కన్నవాడెవడన్నచో పొరుగూరివాడు చెప్పినాడనును. అది వాల్పోల్ చూపిన దొంగసాక్ష్యము. ఏమి చేసినదన్నచో చెప్పరానిదనును. అది మూసిన తలుపు. కథలో ఇవి నేర్పు. ఊరిలో ఇవి విషము. బాణామతి, చేతబడి అను అనుమానముతో నిరపరాధులను కొట్టి, పండ్లు రాలగొట్టి, ప్రాణములు తీసిన ఘోరములు తెలంగాణ పల్లెలలో జరిగినవి. అక్కడ తలుపు వెలుపల నిలిచినది దయ్యము కాదు, మన పొరుగువారే.

కావున భయానక కథలను నిందింపకుడు. పిల్లలను విననిండు, మీరును చెప్పుడు. భయము ఎట్లు అల్లబడునో ఎరిగినవాడు దానికి సులభముగా లొంగడు. ఊర అట్టి మాట బయలుదేరిననాడు రచ్చబండ మీద మొదట పలుకవలసినవారు మీరు. ఎవరు చూచిరి? ఎప్పుడు చూచిరి? దూడను వైద్యునికి చూపిరా? ఈ మూడు ప్రశ్నలు పెద్దల నోట వచ్చినచో అల్లిన త్రాడు అక్కడికక్కడ విడిపోవును. ఒక ప్రాణము నిలుచును.